పోయి రావడమే విద్య: వ్యోమగాముల కథ

మన ఇండ్లలో ఎవరైనా ఊరికి బయలుదేరేటప్పుడు "పోతాను" అంటే పెద్దలు ఊరుకోరు. "పోయి వస్తాను అని చెప్పు" అని దిద్దుతారు. సాదలిలో గాని, బాగేపల్లిలో గాని, చింతామణిలో గాని, ఇంట తెలుగు, బడిలో కన్నడం మాట్లాడుతూ పెరిగిన మనవారందరికీ ఈ మర్యాద ఉగ్గుపాలతో అబ్బినదే. ఊరు విడిచి దూరాన కాపురాలు పెట్టుకున్న తరువాత కూడా, గుమ్మం దాటే బిడ్డ నోట ఈ మాటే పలికిస్తున్నాము.

ఈ ఉగాది సంచికలో మన పిల్లలకు వ్యోమగాముల చరిత్ర చెప్పాలనుకున్నప్పుడు నాకు ముందుగా తట్టినది ఈ మాటే. ఎవరు మొదట పోయినారు, ఎవరు ఎంత ఎత్తుకు పోయినారు, ఎవరు ఎన్నాళ్ళు ఉన్నారు అనే లెక్కలు పుస్తకాలలో పెద్ద అక్షరాలతో కనబడతాయి. అవీ తెలుసుకోవలసినవే. అయితే ఆ చరిత్రను మొదటినుండి చివరిదాకా చదివినవారికి ఒక సంగతి స్పష్టమవుతుంది. రోదసికి పోవడం సగం విద్య. భూమికి క్షేమంగా తిరిగి రావడం తక్కిన సగం. ఆ సగమే మిక్కిలి కష్టమైనది.

మన పెద్దలకు ఈ భేదం తెలియనిది కాదు. రామాయణంలో సముద్రతీరాన కూర్చున్న వానరవీరులు ఎవరెంత దూరం దూకగలరో చెప్పుకుంటారు. ఒకడు పది యోజనాలంటాడు, ఇంకొకడు ఇరవై అంటాడు. అంగదుడు లేచి, నూరు యోజనాలు దూకగలను గాని తిరిగి రాగలనో లేదో నిశ్చయంగా చెప్పలేనంటాడు. అందువల్లనే జాంబవంతుడు హనుమంతుని వైపు తిరిగినాడు. భారతంలో అభిమన్యునికి పద్మవ్యూహంలోకి ప్రవేశించడం తెలుసు, వెలుపలికి రావడం తెలియదు. ఆ కథ విని కంట తడిపెట్టని తల్లి లేదు. రోదసీయాత్రకు పూనుకున్న శాస్త్రజ్ఞుల ముందున్న సమస్య కూడా అంగదునిదీ, అభిమన్యునిదీ.

తిరుగుప్రయాణం ఎందుకంత కష్టం?

బాలబాలికలారా, మీరు ముందు ఒక లెక్క చూడండి. భూమికి సుమారు నూరు కిలోమీటర్ల ఎత్తును రోదసికి పొలిమేరగా చాలామంది లెక్కిస్తారు. అంత ఎత్తుకు ఎగిరినంత మాత్రాన అక్కడ నిలవడం సాధ్యంకాదు. విసిరిన బంతివలె మళ్ళీ క్రిందికి పడవలసిందే. భూమిచుట్టూ తిరుగుతూ ఉండాలంటే గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగం కావాలి. చిక్కబళ్ళాపురం నుండి బెంగుళూరికి బస్సులో పోవడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. ఆ వేగంతో పోతే ఎనిమిది సెకనులు చాలును.

ఈ వేగాన్ని సంపాదించడానికి పెద్ద రాకెట్టూ, వందల టన్నుల ఇంధనమూ కావాలి. భూమికి రావాలంటే ఆ వేగాన్నంతా పోగొట్టుకోవాలి. దానికి మళ్ళీ అంత ఇంధనం మోసుకొని పోవడం అసాధ్యం. కనుక శాస్త్రజ్ఞులు గాలినే పగ్గంగా వాడుకున్నారు. వ్యోమనౌక ముందుగా చిన్న యంత్రాన్ని మండించి వేగం కొంచెం తగ్గించుకొని, వాతావరణంలోకి దిగుతుంది. దాని ముందున్న గాలి నొక్కుకొనిపోయి నిప్పువలె వేడెక్కుతుంది. నౌక పైతొడుగు వేయి డిగ్రీలు దాటిన వేడిని తట్టుకోవాలి. లోపల కూర్చున్న మనిషికి మాత్రం సెగ తగలరాదు. ఆ కొద్ది నిమిషాలు నౌకచుట్టూ ఆవరించిన వేడి వాయువువల్ల రేడియో మాటలు కూడా తెగిపోతాయి. క్రిందనున్నవారు ఊపిరి బిగబట్టి కాచుకొని ఉండవలసిందే.

దిగే వాలు కూడా సరిగా ఉండాలి. మీరు చెరువుగట్టున నిలబడి పెంకు విసిరి నీటిమీద కప్పగంతులు వేయించి ఉంటారు. పెంకును చదునుగా విసిరితే ఎగిరెగిరి పోతుంది. నిటారుగా విసిరితే బుడుంగున మునుగుతుంది. వ్యోమనౌకదీ అదే తీరు. మరీ చదునుగా వస్తే గాలిపొర పట్టు దొరకక పైకి జారిపోవచ్చును. మరీ నిటారుగా వస్తే వేడికీ, ఒత్తిడికీ తాళలేదు. ఇదంతా దాటి వచ్చిన తరువాత పారాషూట్లు విచ్చుకోవాలి. ఒకప్పుడు పారాషూట్లు పట్టుగుడ్డతోనే చేసేవారని చెబితే, శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంత ఎరిగిన మన పెద్దలు సంతోషిస్తారు. తరువాత నైలాను వచ్చి పట్టు స్థానాన్ని ఆక్రమించినది.

లైకా రాలేదు, బెల్కా వచ్చినది

1957 అక్టోబరు 4న రష్యావారు స్పుత్నిక్ అనే మొదటి కృత్రిమోపగ్రహాన్ని ప్రయోగించినారు. ఒక నెల గడవకుండానే, నవంబరు 3న, రెండవ స్పుత్నిక్‌లో లైకా అనే కుక్కను ఎక్కించినారు. లోకమంతా ఆశ్చర్యపడినది. అయితే లైకాను తిరిగి తెచ్చే ఏర్పాటు ఆ నౌకలో లేదు. పంపినవారికి ఆ సంగతి ముందే తెలుసు. నౌకలో వేడి పెరిగి, ఎగిరిన కొన్ని గంటలలోనే అది ప్రాణం విడిచినదని 2002లో గాని లోకానికి తెలియలేదు.

1960 ఆగస్టు 19న బెల్కా, స్ట్రెల్కా అనే రెండు కుక్కలు ఎగిరినవి. మరునాడు అవి ప్రాణాలతో భూమికి దిగినవి. కక్ష్యలో తిరిగి క్షేమంగా ఇల్లు చేరిన మొదటి పెద్ద ప్రాణులు అవే. లైకా పేరు ఎరిగినంతమంది వీటి పేర్లు ఎరుగరు. కాని మనిషిని పంపవచ్చునన్న ధైర్యాన్ని శాస్త్రజ్ఞులకు ఇచ్చినవి తిరిగి వచ్చిన ఈ రెండు మూగజీవులే.

1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ వోస్తోక్ నౌకలో భూమిని ఒక్క చుట్టు చుట్టి 108 నిమిషాలలో తిరిగి వచ్చినాడు. రోదసిని చూచిన మొదటి మానవుడు అతడే. అతడు నౌకలో కూర్చునే నేలకు దిగలేదు. ఆ నౌక నేలను తాకే అదురుకు మనిషి తట్టుకోలేడని, సుమారు ఏడు కిలోమీటర్ల ఎత్తున అతణ్ణి ఆసనంతో సహా వెలుపలికి విసిరే ఏర్పాటు చేసినారు. అతడు తన పారాషూట్‌తో వేరుగా ఒక పొలంలో దిగినాడు. అక్కడ ఒక ముసలమ్మ, ఆమె మనుమరాలు ఆ నారింజరంగు దుస్తుల మనిషిని చూచి జడుసుకున్నారు. రోదసి నుండి వచ్చిన మొదటి మనిషికి ఎదురైన మొదటివారు సేద్యపు మనుషులే. అతడు వేరుగా దిగిన సంగతిని రష్యావారు చాలా ఏండ్లు దాచి ఉంచినారు.

ఆ ఏడాది చివర గగారిన్ మన దేశానికి వచ్చి, తెలుగువారి హైదరాబాదును కూడా చూచి వెళ్ళినాడు.

1963 జూన్ 16న వాలెంటీనా తెరిష్కోవా ఎగిరినది. రోదసికి పోయిన మొదటి స్త్రీ ఆమె. బట్టల మిల్లులో పనిచేసిన సామాన్య కుటుంబపు యువతి. ఆమెను ఎన్నుకోవడానికి ముఖ్య కారణం, తీరిక వేళలలో ఆమె పారాషూట్‌తో దూకడం నేర్చుకొని ఉండటమే. దిగడం వచ్చినవారినే ఎక్కడానికి ఎన్నుకున్నారన్న మాట! ఆమె 48 సార్లు భూమిని చుట్టి, దాదాపు మూడు రోజుల తరువాత తిరిగి వచ్చినది.

1965 మార్చి 18న అలెక్సీ లియొనోవ్ నౌక వెలుపలికి వచ్చి రోదసిలో తేలినాడు. వెలుపల ఉన్నది సుమారు 12 నిమిషాలే. కాని అతని దుస్తులు గాలికి బుడగవలె ఉబ్బి, తిరిగి లోపలికి దూరడం కష్టమైనది. తన దుస్తులలోని గాలిని తానే కొంచెం కొంచెం వదలి, ప్రాణాపాయానికి ఓర్చి లోపల పడినాడు. ఇది గుమ్మం దాటి మళ్ళీ గుమ్మంలోకి రావడమే! అయినా ఎంత గండమైనదో చూడండి.

చెల్లించిన మూల్యం

1967 ఏప్రిల్ 24న వ్లదీమిర్ కొమరోవ్ అనే వ్యోమగామి కొత్త సోయజ్ నౌకలో తిరిగి వస్తుండగా పారాషూట్ సరిగా విచ్చుకోలేదు. నౌక నేలకు బలంగా తాకి అతడు మరణించినాడు. 1971 జూన్ 30న మరి ముగ్గురు, సల్యూత్ అనే రోదసీ కేంద్రంలో మూడు వారాలు గడిపి తిరుగుప్రయాణం కట్టినారు. నౌక భాగాలు విడిపోయే సమయంలో ఒక చిన్న కవాటం తెరుచుకొని లోపలి గాలి బయటికి పోయినది. నౌక చక్కగా నేలకు దిగినది. తలుపు తీసి చూస్తే లోపలి ముగ్గురూ ప్రాణాలతో లేరు. వారికి గాలి చొరని ప్రత్యేక దుస్తులు లేవు. ఆ తరువాత సోయజ్‌లో ఎక్కేటప్పుడూ, దిగేటప్పుడూ అట్టి దుస్తులు ధరించడం నియమమైనది. నేడు వ్యోమగాముల ఒంటిమీద మనం చూచే దుస్తుల వెనుక ఈ ముగ్గురి కథ ఉన్నది.

అమెరికావారిది వేరొక దారి. 1961 మే 25న అధ్యక్షుడు కెన్నెడీ తన దేశానికి ఒక గడువు పెట్టినాడు. ఆ పదేండ్లు ముగిసేలోగా మనిషిని చంద్రునిమీద దించాలి, అంతేకాక క్షేమంగా భూమికి తిరిగి తేవాలి అన్నాడు. ఆ రెండవ షరతును మనం మరువరాదు. 1967 జనవరి 27న నేలమీద పరీక్ష చేస్తుండగానే నౌకలో నిప్పు రేగి ముగ్గురు వ్యోమగాములు మరణించినారు. నౌక తలుపు త్వరగా తెరుచుకొనేది కాదు. తలుపు మార్చినారు, లోపలి వస్తువులు మార్చినారు. 1969 జూలై 20న నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్ చంద్రునిమీద దిగినారు. మైకేల్ కాలిన్స్ పైన నౌకలో ఒంటరిగా తిరుగుతూ వారికోసం కాచుకొని ఉన్నాడు. జూలై 24న ముగ్గురూ పసిఫిక్ సముద్రంలో దిగినారు. 1972 డిసెంబరు నాటికి మొత్తం 12 మంది చంద్రునిమీద నడిచినారు. ఆ పన్నెండుగురూ ఇల్లు చేరినారు.

వీరికంటె నాకు గొప్పగా తోచేది చంద్రునిమీద దిగని అపోలో 13 యాత్ర. 1970 ఏప్రిల్ 13న, భూమికి మూడు లక్షల కిలోమీటర్లకు పైబడిన దూరాన, ఆ నౌకలోని ప్రాణవాయువు తొట్టి ఒకటి పేలిపోయినది. చంద్రునిమీద దిగడానికి తెచ్చుకున్న చిన్న నౌకలో ముగ్గురూ తలదాచుకున్నారు. అది ఇద్దరికి, రెండు రోజులకు సరిపోయేటట్లు చేసినది. ఊపిరి విడిచిన చెడుగాలిని శుభ్రపరచే పెట్టెలు పెద్ద నౌకలో చతురస్రంగానూ, చిన్న నౌకలో గుండ్రంగానూ ఉన్నవి; ఒకటి మరొకదానికి అమరదు. నేలమీదనున్న ఇంజనీర్లు నౌకలో ఏయే సామాను ఉన్నదో లెక్క చూచి, గొట్టాలు, అట్టలు, అంటుపట్టీలతో ఒక అమరిక కనిపెట్టి, రేడియోలో చెప్పి చేయించినారు. ఏప్రిల్ 17న ముగ్గురూ బ్రతికి వచ్చినారు. పోయిన పని కాలేదు. అయినా ఆ యాత్రను ఓటమి అని ఎవరూ అనలేదు.

మన దేశంనుండి పోయినవారు

భారతదేశంనుండి రోదసికి పోయిన మొదటివాడు రాకేశ్ శర్మ. పుట్టినది పంజాబులోని పాటియాలాలో. చదువుకొని పెరిగినది హైదరాబాదులో, సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లోనూ, నిజాం కాలేజీలోనూ. వైమానికదళంలో పనిచేస్తూ ఎన్నికై, రష్యాలో శిక్షణ పొంది, 1984 ఏప్రిల్ 3న సోయజ్ టీ-11లో ఎగిరినాడు. ఆయనతో సమానంగా శిక్షణ పొంది, అవసరమైతే ఎక్కడానికి సిద్ధంగా నిలబడిన రవీష్ మల్హోత్రాకు ఎగిరే అవకాశం రాలేదు. అట్టివారిని కూడా చరిత్ర జ్ఞాపకం ఉంచుకోవాలి. శర్మ వెంట తీసుకొని పోయిన మన దేశపు ఆహారం మైసూరులోని రక్షణశాఖ ఆహార పరిశోధనశాలలో తయారైనది. దాదాపు ఎనిమిది రోజుల తరువాత, ఏప్రిల్ 11న ఆయన తిరిగి వచ్చినాడు. పోయిన బండి వేరు, వచ్చిన బండి వేరు. పైనున్నవారికి కొత్త నౌకను అప్పగించి, అక్కడ అంతకుముందే నిలిపి ఉన్న పాత నౌకలో దిగడం అప్పటి పద్ధతి.

కర్నాల్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన కల్పనా చావ్లా కథ మన ఇంటింటా తెలిసినదే. ఆమె 1997లో ఒకసారి పోయి క్షేమంగా వచ్చినది. 2003 జనవరి 16న కొలంబియా అనే షటిల్ నౌకలో రెండవసారి ఎగిరినది. ఎగిరిన ఒకటిన్నర నిమిషంలోపే ఇంధనపు తొట్టినుండి ఒక నురగముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలినది. పదహారు రోజులు ఎవరికీ ఏ బాధా కలుగలేదు. ఫిబ్రవరి 1న దిగేటప్పుడు ఆ దెబ్బ తగిలిన చోటనుండి వేడి వాయువు రెక్కలోకి చొరబడి, నేల తాకడానికి ఇంకా పదహారు నిమిషాలుండగా నౌక ముక్కలైనది. ఏడుగురూ మరణించినారు. ఎక్కేటప్పుడు తగిలిన గాయం దిగేటప్పుడు ప్రాణం తీసినది. 2005లో షటిల్ ప్రయాణాలు మళ్ళీ మొదలైన తరువాత, దిగేముందు నౌక అడుగుభాగాన్ని రోదసిలోనే పరీక్షించి చూడటం అలవాటు చేసుకున్నారు.

సునీతా విలియమ్స్ విషయంలో ఆ జాగ్రత్త ఫలించినది. 2024 జూన్ 5న ఆమె, బుచ్ విల్మోర్ వారం పదిరోజుల పనిమీద స్టార్‌లైనర్ అనే కొత్త నౌకలో అంతర్జాతీయ రోదసీ కేంద్రానికి పోయినారు. ఆ నౌకలో లోపాలు కనబడినవి. అనుమానమున్న బండిలో మనుషులను ఎక్కించరాదని నిశ్చయించి, నౌకను ఖాళీగా క్రిందికి దించినారు. వారిద్దరూ అక్కడే ఆగి, 286 రోజుల తరువాత, 2025 మార్చి 18న వేరొక నౌకలో వచ్చినారు. ఖాళీ నౌక క్షేమంగానే దిగినది గదా అని కొందరు అడిగినారు. దిగిన తరువాత ఆ మాట అనడం సులభం.

మన తెలుగు బిడ్డలు

తెలుగు కుటుంబాల బిడ్డలు కూడా ఈ దారిన నడిచినారు. గుంటూరు సీమలో పుట్టి చిన్ననాడే అమెరికాకు పోయిన బండ్ల శిరీష 2021 జూలై 11న యూనిటీ నౌకలో రోదసి అంచును తాకి వచ్చినది. హైదరాబాదునుండి వలసపోయిన తండ్రికి అమెరికాలో పుట్టిన రాజా చారి, ఆ ఏడాది నవంబరులో నలుగురి బృందానికి నాయకుడై రోదసీ కేంద్రానికి పోయి, అక్కడ దాదాపు ఆరు నెలలు పనిచేసి, 2022 మే 6న సముద్రంలో దిగినాడు. విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న న్యూ షెపర్డ్ నౌకలో పది నిమిషాల యాత్ర చేసినాడు. ఆ నౌకకు మూడు పారాషూట్లున్నవి. దిగేటప్పుడు వాటిలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు. అయినా ఆరుగురూ క్షేమంగా నేల చేరినారు. ఒకటి మొరాయించినా తక్కినవి మోయగలిగేటట్లు ముందే అమర్చి ఉంచినారు గనుక. కొమరోవ్ నాటి దుఃఖంనుండి లోకం నేర్చుకున్న పాఠాలలో ఇదొకటి.

2025 జూన్ 25న లక్నో వాసి శుభాంశు శుక్లా అమెరికానుండి బయలుదేరి రోదసీ కేంద్రానికి చేరినాడు. అక్కడ ఆయన చేసిన పనులలో పెసలు, మెంతులు మొలకెత్తించడం ఒకటి. ఆ ప్రయోగం కన్నడదేశంలోని ధారవాడ వ్యవసాయ విశ్వవిద్యాలయంవారిది. జూలై 15న పసిఫిక్ సముద్రంలో క్షేమంగా దిగినాడు.

శ్రీహరికోటలో సాగుతున్న సాధన

ఇప్పటిదాకా చెప్పినవారందరూ పరదేశపు నౌకలలో పోయినవారే. మన నౌకలో మనవారిని పంపే ప్రయత్నానికి గగనయానమని పేరు. దానికి సంబంధించిన మానవ రోదసీయాత్రా కేంద్రం 2019 జనవరిలో బెంగుళూరిలో ఏర్పడినది. నౌకలు ఎగిరే చోటు తెలుగునాట, సూళ్ళూరుపేట దగ్గరి శ్రీహరికోట. ఒకప్రక్క పులికాట్ సరస్సు, ఒకప్రక్క బంగాళాఖాతం. తూర్పున సముద్రం ఉన్నందువల్ల రాకెట్టు వదిలిన భాగాలు జనంమీద పడవు. భూమి తూర్పుకు తిరుగుతున్నందువల్ల ఆ వేగం కూడా కలిసివస్తుంది. 1971 అక్టోబరులో అక్కడ ప్రయోగాలు మొదలైనవి. 2002లో దానికి సతీశ్ ధావన్ పేరు పెట్టినారు.

ఆ దీవిలో తరతరాలుగా బ్రతికిన యానాదులు ఈ కేంద్రం రావడంతో తమ తావులు విడిచి పోవలసి వచ్చినది. రాకెట్టు ఎగిరినప్పుడు చప్పట్లు కొట్టే మనం వారిని తలుచుకోకుండా ఉండరాదు. తిరుగుప్రయాణాన్ని ఇంత శ్రద్ధగా అభ్యసించే చోట, తిరుగుదారి లేకుండా పోయినవారు వారే. ఊరు విడవడమంటే ఏమో తెలిసిన మన కుటుంబాలకు ఈ సంగతి ఇంకొకరు విడమరచి చెప్పనక్కరలేదు.

శ్రీహరికోటలో తిరిగి రావడమనే విద్యను ఎంత ఓపికతో సాధన చేసినారో చూడండి. 2007 జనవరి 10న 550 కిలోల చిన్న నౌకను కక్ష్యకు పంపి, పన్నెండు రోజులు తిప్పి, జనవరి 22న బంగాళాఖాతంలో దించి పైకి తీసినారు. మన దేశం రోదసికి పంపి వెనక్కు తెచ్చుకున్న మొదటి వస్తువు అదే. 2014 డిసెంబరు 18న మనుషులు కూర్చునే నౌకకు నమూనాను 126 కిలోమీటర్ల ఎత్తుకు పంపి, అండమాను దగ్గర సముద్రంలో దించినారు. 2018 జూలై 5న, రాకెట్టుకు నేలమీదనే అపాయం వస్తే మనుషులను ఎత్తుకొని దూరంగా పోయే సాధనాన్ని పరీక్షించినారు. 2023 అక్టోబరు 21న, ఎగురుతుండగా అపాయం వస్తే తప్పించే సాధనాన్ని పరీక్షించినారు. ఆనాడు ఎగరడానికి ఐదు సెకనులుండగా యంత్రం తానే నిలిచిపోయినది. లోపమేమో చూచి సరిదిద్ది, ఉదయం పది గంటలకు ఎగురవేసినారు. నౌకను సముద్రంనుండి నావికాదళంవారు తీసి తెచ్చినారు. 2025 ఆగస్టు 24న హెలికాప్టరులో సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తుకు 4.8 టన్నుల నమూనాను ఎత్తి, అక్కడనుండి వదలి, పారాషూట్లు విచ్చుకొనే తీరును చూచినారు. గగనయాన నౌకకు నాలుగు రకాల పారాషూట్లు, మొత్తం పది ఉన్నవి.

బాలబాలికలారా, ఈ పరీక్షల పట్టికను మరొకసారి చదవండి. ఒక్కదానిలోనూ మనిషి లేడు. ప్రతిదీ మనిషిని వెనక్కు తేవడానికే. 2022 నాటికి మనవారిని పంపుతామని 2018లో ప్రకటించినారు. ఆ గడువు దాటిపోయినది. మనవారు ఆలస్యం చేస్తున్నారని ఎకసక్కెం చేసినవారు లేకపోలేదు. నాకు మాత్రం ఆ ఆలస్యం గౌరవించదగినదిగా తోస్తుంది. పెళ్ళికి ముహూర్తం మించిపోతే బాధ. బిడ్డను అనుమానపు పడవ ఎక్కించడానికి ఏ ముహూర్తమూ లేదు. ఎన్నికైన నలుగురు, ప్రశాంత్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లా, ముందు రష్యాలోనూ, తరువాత బెంగుళూరిలోనూ శిక్షణ పొందినారు. అందులో ఒకరి పేరు అంగదుడే కావడం విశేషం! రామాయణపు అంగదునికి తిరుగుదారిని గురించి ఉండిన సందేహాన్ని ఈ అంగదునికి లేకుండా చేయడమే ఇన్ని వేలమంది ఇంజనీర్ల పని.

పిల్లలకొక మాట

వ్యోమగామి కావాలనే కోరిక మంచిదే. కాని ఒక్కడు ఎగరడానికి వేలమంది నేలమీద నిలబడి పనిచేయాలి. పారాషూట్ మడిచేవారు, వేడికి తాళే పలకలు చేసేవారు, లెక్క కట్టేవారు, సముద్రంలో పడవమీద కాచుకొనేవారు, అనుమానం తోస్తే "ఆపండి" అని నిర్భయంగా చెప్పేవారు, అందరూ ఈ విద్యలో పండితులే. మన చిక్కబళ్ళాపురం జిల్లాలోని గౌరిబిదనూరులో సూర్యునినుండి వచ్చే రేడియో తరంగాలను వినే కేంద్రమున్నది. సూర్యునిలో రేగే తుఫానులు రోదసిలో ఉన్న మనిషికి అపాయకరాలు గనుక, సూర్యుని తీరు ఎరగడం కూడా ఈ పనిలో భాగమే. మీలో ఎవరు దేనికి తగుదురో ఇప్పుడే ఎవరు చెప్పగలరు?

అంతర్జాతీయ రోదసీ కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటన్నరకు ఒకసారి భూమిని చుడుతున్నది. 2000 నవంబరు నుండి అది ఒక్కనాడూ మనుషులు లేకుండా లేదు. ప్రొద్దు గూకిన కొంతసేపటికి గాని, ప్రొద్దు పొడవడానికి కొంచెం ముందు గాని, ఆకాశంలో మినుకుమనకుండా నిదానంగా జరిగిపోయే ప్రకాశవంతమైన చుక్కవలె అది కొన్ని దినాలలో కనబడుతుంది. ఏ ఊరిమీద ఎప్పుడు పోతుందో ముందుగానే లెక్కకట్టి ప్రకటిస్తారు. మీరున్న నగరంమీదుగా పోయే ఆ చుక్కే సాదలి చెరువుమీదుగా, మీ తాత అవ్వల ఇంటిమీదుగా కూడా పోతుంది. ఈ ఉగాది సెలవులలో వేళ తెలుసుకొని, ఊరిలో ఉన్నవారికి కూడా చెప్పి, మేడమీదికి ఎక్కి చూడండి. అందులో ఉన్నవారి ఇండ్లలో కూడా తల్లులు వారి రాకకోసం ఎదురుచూస్తూ ఉంటారు. వారు క్షేమంగా దిగినారన్న వార్త వినేదాకా ఆ యాత్ర ముగిసినట్లు లెక్కించకండి.